కుండీ మట్టికి బలం



ఇంట్లో తులసి ఎండిపోతే ముందుగా మాట పడేది ఇల్లాలే. "దీపం పెట్టడం మానేశావా?" అనో, "తలస్నానం చెయ్యకుండా నీళ్ళు పోశావా?" అనో అత్తగారు అనకపోయినా, వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు అననే అంటారు. కొత్త కోడలైతే ఇక చెప్పనక్కరలేదు. ఎండిన మొక్క తీసేసి బజార్లో ఇంకొకటి కొని తెచ్చి అదే కోటలో, అదే మట్టిలో నాటుతాం. మూడు నెలలుండి అదీ పోతుంది. అప్పుడిక "ఈ ఇంటికి తులసి అచ్చిరాలేదమ్మా" అని తీర్మానించేస్తారు. తులసి అచ్చిరాకపోవడమేమిటండీ! ఆ కోటలో ఉన్న మట్టిని ఒక్కసారి తవ్వి చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?

ఈ వేళ ఆ మట్టి గురించీ, దానిలో కలపవలసిన పశువుల ఎరువు, వానపాముల ఎరువు గురించీ చెప్పుకుందాం. తులసికి చెప్పిందే కొద్ది మార్పులతో గులాబీకి, మల్లెకి, కరివేపాకుకి కూడా సరిపోతుంది.

పెరట్లో నేలమీద పెరిగే మొక్కకీ కుండీలో మొక్కకీ ఉన్న తేడా ముందు గ్రహించాలి. నేలలో ఉన్నదానికి ఆకలేస్తే వేరు పక్కకి పాకుతుంది, దాహమేస్తే లోతుకి దిగుతుంది. కుండీలో మొక్కకి ఆ వీలు లేదు. మనం పెట్టిందే తిండి, మనం పోసిందే నీరు. పైగా రోజూ చెంబుతో నీళ్ళు పోస్తుంటే మట్టిలోని సన్నటి రేణువులు దిగి దిగి గట్టిపడతాయి. నీటితోపాటు సారం కొంత అడుగు కన్నంలోంచి పోతూనే ఉంటుంది. మన ఎండలకి మట్టిలో కలిపిన పేడ, ఆకు లాంటివి త్వరగా హరించుకుపోతాయి. కొత్తగా నింపిన కుండీలో ఆరునెలలు తిరిగేసరికి మట్టి అంగుళమో రెండంగుళాలో కిందికి దిగడం మీరు చూసే ఉంటారు. కొంత సర్దుకుని దిగినా, కొంత అలా హరించుకుపోయిన ఎరువే.

తులసికోట సంగతి ఇంకా కష్టం. కోట కట్టిన రోజున తాపీమేస్త్రి పోసిన మట్టే ఏళ్ళ తరబడి ఉంటుంది. అందులో సున్నపు పెళ్ళలు, సిమెంటు ముక్కలు సగం. దానిమీద రోజూ పసుపు, కుంకుమ, అక్షింతలు, దీపపు నూనె. కొందరు పాలు కూడా పోస్తారు. చాలా కోటలకి అడుగున నీళ్ళు పోయే దారే ఉండదు. మీ కోట ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక సన్నటి ఇనప ఊచ తీసుకుని, మొక్క మొదలుకి దూరంగా, తడి ఉన్నప్పుడు మట్టిలోకి గుచ్చి చూడండి. నాలుగంగుళాలు సులువుగా దిగకపోతే తులసి వేరు మాత్రం ఎలా దిగుతుంది? నీళ్ళు పోస్తే గడియసేపు పైనే నిలబడిందంటే వేళ్ళకి గాలి అందడం లేదన్నమాట. వేరుకి నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. నీళ్ళు నిలిచిన మట్టిలో వేరు కుళ్ళిపోతుంది. అప్పుడు ఆకు వాడిపోతుంది. పాపం, వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం!

ఇక ఎరువుల మాట. పశువుల ఎరువు అంటే పేడ, మూత్రం, గడ్డిగాదం కలిసి బాగా చివికినది. అందులో మొక్కకి తిండి అనుకున్నంత ఉండదు. 100 కిలోల ఎరువులో నత్రజని సుమారు అర కిలో, భాస్వరం 200 గ్రాములు, పొటాషు మళ్ళీ అర కిలో ఉంటాయి. ఆ మాత్రానికి ఇంత శ్రమ ఎందుకంటారా? అది చేసే అసలు పని మట్టిని గుల్లగా ఉంచడం. జిగటమట్టిని విడదీస్తుంది, ఇసకమట్టిలో తేమ నిలుపుతుంది. మేకపెంట, గొర్రెపెంట దానికన్నా బలమైనవి. నత్రజని నూటికి 3 పాళ్ళ దాకా ఉంటుంది కాబట్టి అందులో సగమే వెయ్యాలి. కోడిపెంట ఇంకా ఘాటు. అనుభవం లేనివాళ్ళు కుండీల జోలికి దాన్ని రానివ్వకపోవడమే మంచిది.

వానపాముల ఎరువు వేరే రకం. వానపాముకి పళ్ళు లేవు. చివికిన ఆకునీ పేడనీ మట్టితోసహా మింగుతుంది. కోడికి కందనకాయ ఉన్నట్టే దీనికీ లోపల ఒక కండసంచి ఉంది. అందులో మెత్తగా నూరుకుని, పేగుల్లోని సూక్ష్మజీవులతో కలిపి, సన్నటి గుళికలుగా బయటికి విడుస్తుంది. టీపొడిలాగా ఉండే ఆ గుళికలే మనం కొనే ఎరువు. గుళికకీ గుళికకీ మధ్య గాలి ఆడుతుంది, గుళికలో తేమ నిలుస్తుంది. దేనితో తయారుచేశారన్నదాన్నిబట్టి మారినా, నత్రజని సామాన్యంగా నూటికి 1 నుంచి 2 పాళ్ళు ఉంటుంది. మొక్కకి తేలికగా అందే రూపంలో ఉండటం దీని సుగుణం.

వానపాముల పని గొప్పదని మొదట లోకానికి గట్టిగా చెప్పినవాడు డార్విను. కోతి నుంచి మనిషి అన్న కథలో మనం వినే డార్వినే. ఆయన చివరి పుస్తకం, 1881లో వచ్చినది, వానపాములమీదే. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏడాదికి 10 టన్నులపైగా మట్టి వానపాముల కడుపులోంచి సాగి పైకి వస్తుందని ఆయన లెక్కకట్టారు. అంత పెద్ద శాస్త్రజ్ఞుడు ముసలితనంలో కుండీల్లో వానపాముల్ని పెంచుకుంటూ కూర్చున్నాడంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారో గాని, మనకి మాత్రం మేలే జరిగింది.

మంచిదన్నారు కదా అని కుండీ నిండా వానపాముల ఎరువే పోసేవాళ్ళున్నారు. అది తగదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో క్లైవ్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ టమాటా, బంతి మొక్కలమీద ఈ పరీక్ష చేశారు. కుండీ మిశ్రమంలో కొంత భాగం వానపాముల ఎరువు కలిపినప్పుడు మొక్కలు బాగా పెరిగాయి. నూటికి నూరుపాళ్ళూ అదే నింపినప్పుడు పెరుగుదల తగ్గిపోయింది. అందులోని లవణాలు ఎక్కువై, నీరు ఎక్కువ పట్టి, గాలి తగ్గడమే ఇందుకు కారణం. మన వంటల్లో ఉప్పు లెక్క ఇక్కడా అదే. కుండీలో పదోవంతు నుంచి అయిదోవంతు వరకూ ఉంటే చాలు. ఎరువు ఖరీదైన వస్తువు కూడా కనక, తక్కువ వేస్తే చాలునన్న మాట మన చెవికి ఇంపుగానే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మొక్కల్ని చంపేది పచ్చిపేడ. ఈ విషయం కాస్త నిదానంగా చెబుతాను. మా వీధిలో ఒకావిడ గులాబీలంటే ప్రాణం పెడుతుంది. పాలకేంద్రం నుంచి ఉదయం వచ్చిన పేడ ఉదయమే తెప్పించి పన్నెండు కుండీలకి దోసెడేసి చొప్పున మొదట్లో పెట్టించింది. పదిరోజుల్లో ఆకుల అంచులు మాడాయి. నెల తిరక్కుండా తొమ్మిది పోయాయి. దిష్టి తగిలిందని ఆవిడ గుమ్మడికాయ కూడా కట్టించింది. గుమ్మడికాయ కడితే కట్టుకోవచ్చుగాని, జరిగింది వేరు. పచ్చిపేడ మట్టిలో పడ్డాక కుళ్ళడం మొదలుపెడుతుంది. కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, ఘాటైన అమ్మోనియా వాయువు వస్తుంది. నేలలో అయితే అది చెదిరిపోతుంది. కుండీలో వేళ్ళకి పక్కనే పొయ్యి పెట్టినట్టవుతుంది. పేడలో గడ్డీ, రంపపుపొట్టూ ఎక్కువ ఉంటే ఇంకో చిక్కు. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే వాడుకుంటాయి. ఎరువు వేసిన మొక్కే పసుపురంగుకి తిరగడం చూసి మనం తెల్లబోతాం. పచ్చిపేడలో కలుపు గింజలూ ఉంటాయి, పేడపురుగుల గుడ్లూ ఉంటాయి.

కాబట్టి పేడ మాగాలి. పేడ కొనడానికి దొరికేవాళ్ళు పాత గోనెసంచిలోనో, అడుగున కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలోనో ఎండుటాకులు ఒక పొర, పేడ ఒక పొర వేసి, చేత్తో పిండితే తడి తెలిసేటంత తేమ ఉంచి, పైన గోనె కప్పి నీడన పెట్టండి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. మూడు నాలుగు నెలలు పడుతుంది. మాగిందని ఎలా తెలుస్తుంది? ముట్టుకుంటే చల్లగా ఉండాలి. రంగు నలుపు తిరిగి ఉండాలి. నలిపితే పొడిపొడిగా రాలాలి. పేడ వాసన పోయి తొలకరి వానకి తడిసిన నేల వాసన రావాలి. ఇన్నీ చూసినా అనుమానం తీరకపోతే మన వంటింట్లోనే పరీక్ష ఉంది. ఒక చిప్పలో ఆ ఎరువు, మట్టి సమంగా కలిపి చారెడు మెంతులు చల్లండి. పక్కన ఉత్త మట్టిలో కూడా చల్లండి. నాలుగైదు రోజుల్లో రెండిట్లో సమంగా మొలకెత్తి పచ్చగా ఉంటే ఎరువు పక్వమైనట్టు. ఎరువు కలిపిన చిప్పలో మొలకలు రాకపోయినా, వచ్చి వాడిపోయినా ఇంకో నెల ఆగండి. పిడకలు నలిపి వేస్తామనేవాళ్ళుంటారు. ఎండలో ఎండిన పిడకలో నత్రజని కొంత గాలిలో కలిసిపోయి ఉంటుంది. అది పొయ్యికే బాగుంటుంది.

కొనుక్కునేవాళ్ళకి మరో బెడద. సంచిమీద వానపాము బొమ్మ ఉన్నంతమాత్రాన లోపల ఉన్నదంతా వానపాముల ఎరువు కాదు. వీలైతే సంచి విప్పించి ఒక గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించండి. ముద్దకట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నీళ్ళు కారాయంటే మీరు ఎరువు ధర పెట్టి నీళ్ళు కొంటున్నారన్నమాట. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇందులో తేమ నూటికి 25 పాళ్ళు మించకూడదు. ఇంటికి తెచ్చాక ఒక చెంచాడు గాజుగ్లాసు నీళ్ళలో వేసి కలిపి పదినిమిషాలు ఉంచండి. కొంత మట్టి అడుగుకి దిగడం సహజమే. చెంచాడులో సగం ఇసకై గలగలమంటూ అడుగున కూర్చుంటే మాత్రం ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళకండి. ముక్కిపోయిన కంపు వస్తున్నా అది సగం మాగిన సరుకే. కొన్నది ఎండలో ఆరబెట్టకండి. గోనెసంచిలో నీడన, కొద్ది తేమతో ఉంచితే అందులోని సూక్ష్మజీవులు బతికి ఉంటాయి.

ఇప్పుడు మిశ్రమం. ఒక తట్ట కొలతగా పెట్టుకోండి. ఎర్రమట్టి 2 తట్టలు, మాగిన పశువుల ఎరువు 1 తట్ట, ఏటి ఇసక 1 తట్ట, వానపాముల ఎరువు అర తట్ట. దీనికి నాలుగు గుప్పెళ్ళ వేపపిండి. ఇది నేను వాడే లెక్క. హైదరాబాదు, రాయలసీమ వైపు ఎర్రమట్టి ఉన్నవాళ్ళకి ఇది సరిపోతుంది. గుంటూరు, విజయవాడ వైపు నల్లరేగడి అయితే మట్టి 1 తట్టకి తగ్గించి ఇసక పెంచాలి. రేగడి తడిస్తే ముద్ద, ఎండితే బీటలు. ఆ బీటల్లో సన్నవేళ్ళు తెగిపోతాయి. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళు దగ్గరే కదా అని సముద్రపు ఇసక తెచ్చి కలపకండి, అందులో ఉప్పు ఉంటుంది. డాబామీద, బాల్కనీలో పెట్టేవాళ్ళు బరువు సంగతి కూడా చూసుకోవాలి. 12 అంగుళాల కుండీ తడిమట్టితో 20 కిలోలు దాటుతుంది. అందుకని ఇసకకి బదులు కొబ్బరిపొట్టు కలుపుకోవచ్చు. ఆ పొట్టులో కూడా ఉప్పుండే అవకాశం ఉంది కనక బకెట్లో నానబెట్టి, రెండుమూడుసార్లు నీళ్ళు మార్చి పిండి వాడాలి.

కుండీ అడుగున కంకర పరవాలని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. దానివల్ల నీరు బాగా పోతుందని అనుకుంటాం గాని, సన్నటి మట్టిలోంచి నీరు కంకరలోకి తేలిగ్గా దిగదు. కంకర పైన ఉన్న మట్టిలోనే నిలిచి ఉంటుంది. వేళ్ళకి ఉండవలసిన చోటు కూడా తగ్గుతుంది. కన్నం మీద ఒక పెంకుముక్క బోర్లించి, నేరుగా మిశ్రమం పోసెయ్యండి. పైన ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలండి, నీళ్ళు నిలవడానికి. కుండీ కింద ఇటుకముక్కలు మూడు పెడితే కన్నం మూసుకుపోదు, డాబా కూడా చెమ్మెక్కదు. కింది వాటా వాళ్ళతో మాటలూ రావు.

తులసి నాటేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నర్సరీ నుంచి వచ్చిన మొక్క వేళ్ళచుట్టూ తరచు జిగటమట్టి ఉండ ఉంటుంది. దాన్ని అలాగే పాతితే చుట్టూ మంచి మట్టి ఉన్నా వేరు ఆ ఉండని దాటి రాదు. సంచి కోసి, ఉండని ఒక బేసిన్ నీళ్ళలో అయిదు నిమిషాలుంచి, బయటి పొరని వేళ్ళతో మెల్లగా విడదీసి నాటండి. కాండం ఇదివరకు ఎంత లోతున ఉందో అంతే ఉండాలి. కోటకి కన్నం లేకపోతే మేస్త్రి చేత పక్కన అడుగుదగ్గర ఒకటి పెట్టించండి. అది కుదరకపోతే కోటలో సరిపడే కుండీలో తులసిని పెంచి, ఆ కుండీని కోటలో దించండి. పూజకి ఏ లోటూ రాదు, ఏడాదికోసారి బయటికి తీసి మట్టి మార్చుకోవచ్చు. దీపం మొక్కకి జానెడు దూరంలో గూట్లో పెట్టండి. పాలు పోసే ఆచారం ఉంటే ఒక చుక్క చాలు.

తులసికి వెన్నులు వచ్చినవి వచ్చినట్టే గింజకట్టనిస్తే మొక్క తన బలమంతా గింజకే ఇచ్చి త్వరగా ముదిరిపోతుంది. లేతగా ఉన్నప్పుడే తుంచెయ్యాలి. తుంచకూడని రోజులు మీ ఇంటి ఆచారం ప్రకారం చూసుకోండి, మిగతా రోజులు చాలు. ఎంత చూసుకున్నా తులసి మర్రిచెట్టులా బతికే మొక్క కాదు. కొన్నేళ్ళకి కాండం మానుకట్టి ఆకు సన్నగిల్లుతుంది. అందుకని ఒక వెన్ను గింజకి వదిలి, పక్కన చిన్న కుండీలో ఎప్పుడూ రెండు నారుమొక్కలు ఉంచుకోండి. పాతది పోయిన రోజున కోట బోసిపోకుండా ఉంటుంది, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడానికీ ఉండదు.

ఒకసారి కలిపిన ఎరువు ఏడాదంతా సరిపోదు. రెండు నెలలకోసారి పైమట్టిని అంగుళం లోతు మాత్రం గీకి, 12 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ళ వానపాముల ఎరువు చల్లి, మట్టితో కప్పి నీళ్ళు పొయ్యండి. మొదలుకి ఆనించకూడదు. తులసికి ఒక గుప్పెడు చాలు, దానికి ఆకలి తక్కువ. గులాబీకీ కరివేపాకుకీ ఎక్కువ. కరివేపాకుకి పుల్లమజ్జిగ పోస్తే చాలనే నమ్మకం మనలో ఉంది. పోస్తే పొయ్యండి, బాగా పలచగా, ఎప్పుడైనా. దానివల్ల ఎరువు మానెయ్యడానికి మాత్రం లేదు. మల్లెకి కొమ్మలు కత్తిరించాక ఎరువు వెయ్యాలి. రోహిణీకార్తెలో ఎండ మండిపోతున్నప్పుడు ఎరువులూ, కుండీలు మార్చడాలూ పెట్టుకోకండి. అప్పుడు పైన ఎండుటాకులు కప్పి నీళ్ళు చూసుకుంటే చాలు. వాన పడ్డాక మొదలుపెట్టండి.

పొయ్యి బూడిద దొరికితే వెయ్యవచ్చా అని అడుగుతుంటారు. బోరు నీళ్ళు పోసే ఊళ్ళలో వద్దనే అంటాను. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ, కుండీ అంచున తెల్లగా పొక్కు కట్టడం దానివల్లే. బూడిద కూడా ఆ జాతిదే. రెండూ కలిస్తే మట్టిలో ఇనుము మొక్కకి అందదు. మందారం లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడితే అది ఈ లోపమే.

ఎరువులో పురుగు కనబడితే అన్నిటినీ ఒకే గాటకట్టకండి. సాగి నడిచే ఎర్రటి వానపాము కనిపిస్తే ఉండనివ్వండి. అది వేళ్ళు కొరకదు. దానికోసం విడిగా వానపాముల్ని కొని కుండీలో వెయ్యనూ వద్దు. ఎరువు తయారీకి పెంచేవి పేడకుప్పలో బతికే జాతులు, మే నెల ఎండకి కాగిన కుండీలో నిలవవు. తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి, గోధుమరంగు తలా ఆరు కాళ్ళూ ఉన్నది కనబడితే మాత్రం వెంటనే ఏరి పారెయ్యండి. అది వేరుపురుగు. పశువుల ఎరువుని జల్లించి వాడితే చాలామటుకు ముందే దొరికిపోతాయి.

చివరగా మీ చేతుల సంగతి. పేడలోనూ మట్టిలోనూ ధనుర్వాతం క్రిములు ఉంటాయి. కూరలు తరిగే చేతులు, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కోసుకునే ఉంటాయి. రబ్బరు తొడుగులు వేసుకోండి. లేకపోతే పాల కవరైనా చేతికి తొడుక్కోండి. తుప్పుపట్టిన తీగో పెంకో లోతుగా గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోక, డాక్టరుకి చూపించి ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు తీసుకున్నారో చెప్పండి. కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చిగా పచ్చడి చేసుకునేవాటికి మాగని పేడ దగ్గరికి కూడా రానివ్వకండి. మాగినది వేసినా ఆకుని రెండు మూడు నీళ్ళలో కడగండి. కొత్తగా నాటిన కుండీని పదిరోజులు చెట్టునీడలాంటి చోట ఉంచి, చిగురు కనబడ్డాకే ఎండలోకి జరపండి.